రక్తంలో కాల్షియం నార్మల్, మరి గుండె కణాల్లో అదుపు తప్పడమేమిటి?

ప్రశ్న గాజువాక నుంచి వచ్చింది. అమ్మగారికి 58 ఏళ్లు. ఆయాసం వస్తుంటే ఎకో తీయించారు, ఈఎఫ్ (గుండె గదిలో నిండిన రక్తంలో ఒక్కో కొట్టుకోవడానికి బయటికి పంపే శాతం) 30 శాతం వచ్చింది. చూసిన డాక్టరు గారు "గుండె కండర కణాల్లో కాల్షియం బ్యాలెన్స్ తప్పింది, అందుకే పంపింగ్ తగ్గింది" అన్నారట. రక్త పరీక్షలో కాల్షియం చూస్తే 9.1, అంటే నార్మల్. ఇదెలా కుదురుతుంది, మోకాళ్ల నొప్పులకని ఆవిడ వేసుకుంటున్న కాల్షియం మాత్రలు ఆపేయాలా, పాలు, రాగి జావ మాన్పించాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. పాలు, రాగి జావ మాన్పించక్కర్లేదు. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు. అవి అసలు ఎందుకు మొదలుపెట్టారో మీ డాక్టరును అడిగి తేల్చుకోండి. ఆవిడ గుండె కణాల్లో కాల్షియం అదుపు తప్పడం నిజమే అయ్యుంటుంది, కానీ తిన్న కాల్షియం వల్ల అలా జరగలేదు, తినడం మానేస్తే బాగుపడేదీ కాదు. ఆ కణాల్లో కాల్షియాన్ని దారికి తెచ్చే మందులు వేరే ఉన్నాయి. బహుశా అవి ఇప్పటికే ఆవిడ చీటీలో ఉండి ఉంటాయి.

విశాఖలో గుండె రోగుల్ని చూస్తూనే వయసైపోయింది నాకు. ఓపీలో ఇదే ప్రశ్న ఎంతోమంది అడిగారు. వెనక క్యూ ఉంటుంది కాబట్టి అక్కడ పైపైన చెప్పి పంపేయాల్సి వస్తుంది. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

రక్తంలో కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది. అందులో దాదాపు సగమే స్వేచ్ఛగా తిరుగుతుంది, మిగతాది ఎక్కువగా ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌కి అంటుకుని ఉంటుంది. ఇప్పుడు అసలు విషయం: గుండె కణం విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని లోపల ఉండే కాల్షియం, బయట స్వేచ్ఛగా ఉన్నదానిలో సుమారు పదివేలవ వంతు. మన షిప్‌యార్డులో డ్రై డాక్ చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. గేటు అవతల సముద్రం, ఇవతల పొడి నేల. గేటు ఎక్కడన్నా కారినా, నీళ్లు తోడే పంపులకి కరెంటు పోయినా డాక్ మునుగుతుంది. బయట సముద్ర మట్టం మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మీ చేతిలోని 9.1 రిపోర్టు చెప్పేది బయటి మట్టం సంగతి. కణం లోపల ఎంతుందో చెప్పే రక్త పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు.

కణం లోపలికి కాల్షియం అసలు రాకపోయినా గుండె ఆగిపోతుంది. ఈ సంగతి 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ తేల్చారు. కప్ప గుండెను ఉప్పునీటి ద్రావణంలో ఉంచి పరీక్షలు చేస్తుండేవారు. కుళాయి నీళ్లతో ద్రావణం కలిపితే గుండె చక్కగా కొట్టుకుంది, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపితే కాసేపటికే నీరసించి ఆగిపోయింది. తేడా కుళాయి నీళ్లలోని కాల్షియందే. ఆసుపత్రుల్లో ఎక్కించే రింగర్ లాక్టేట్ సెలైన్ సీసా మీద ఉన్నది ఆయన పేరే.

గుండె కొట్టుకున్న ప్రతిసారీ జరిగేది ఇది. విద్యుత్ తరంగం కణం పొరను తాకగానే ఎల్-టైప్ కాల్షియం చానళ్లు తెరుచుకుని బయటి కాల్షియం కొద్దిగా లోపలికి వస్తుంది. అది వెళ్లి లోపలి నిల్వ సంచిని తడుతుంది. ఆ సంచి పేరు సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్. దాని తలుపు పేరు రయనోడిన్ రిసెప్టర్. తలుపు తెరుచుకోగానే అసలు మోతాదు బయటపడుతుంది. మనిషి గుండెలో ఒక్కో సంకోచానికి కావలసిన కాల్షియంలో మూడింట రెండొంతులు ఈ సంచి నుంచే వస్తుంది. కణంలో కాల్షియం సుమారు పది రెట్లు పెరిగి, ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌ని పట్టుకుంటుంది, కండరం ముడుచుకుంటుంది. గుండెపోటు అనుమానం వస్తే చేసే ట్రోపోనిన్ టెస్టు కొలిచేది ఈ ప్రొటీన్ గుంపులోని భాగాలనే. కణం చితికితే అవి రక్తంలోకి కారతాయి.

ముడుచుకోవడం సగం పనే. వచ్చిన కాల్షియమంతా వెంటనే సర్దుకోవాలి, లేకపోతే గుండె వదులవ్వదు, రక్తం నిండదు. సెర్కా అనే పంపు ఎక్కువ భాగాన్ని తిరిగి సంచిలోకి తోస్తుంది. మిగతాదాన్ని సోడియం-కాల్షియం ఎక్స్ఛేంజర్ మూడు సోడియంలు లోపలికి తీసుకుని ఒక కాల్షియాన్ని బయటికి పంపుతూ సరిచేస్తుంది. ఇదంతా సెకనులోపే, రోజుకి సుమారు లక్షసార్లు. సెర్కా పంపుకి ఇంధనం ఏటీపీ. కండరంలో ఈ ఏటీపీని కనిపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఆ పని ప్రకటించారు. మన పాఠ్యపుస్తకాలు ఆయన్ని ఒక పేరాలో ముగించేస్తాయి, నాకది ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది.

ఇక మీ అమ్మగారి విషయానికి వద్దాం. బీపీ వల్లో, షుగర్ వల్లో, పాత గుండెపోటు వల్లో గుండె బలహీనపడ్డాక కణంలో మూడు మార్పులు దాదాపు కలిసే వస్తాయి. సెర్కా పంపులు తగ్గుతాయి. సంచి తలుపు సరిగా మూసుకోకుండా కారడం మొదలవుతుంది. చానళ్లు ఉండే సన్నని గొట్టాల లాంటి అమరిక చెదిరిపోతుంది. దాంతో కొట్టుకునే వేళకు సంచిలో సరిపడా కాల్షియం ఉండదు, కాబట్టి సంకోచం బలహీనం. విశ్రాంతి వేళ బయట ఉండకూడని కాల్షియం ఉంటుంది, కాబట్టి గుండె సరిగా వదులవ్వదు. ఈఎఫ్ 30 అన్నది మొదటిదాని ఫలితం, పడుకుంటే ఆయాసం రావడంలో రెండోదానికి పెద్ద పాత్రే ఉంది. అంటే అదే కణంలో ఒకే సమయంలో కాల్షియం తక్కువా ఉంటుంది, ఎక్కువా ఉంటుంది, చోటూ వేళా తప్పి. అందుకే కాల్షియం ఎక్కువైందా తక్కువైందా అని అడిగితే ఏ డాక్టరూ ఒక్క ముక్కలో చెప్పలేరు.

కారిన కాల్షియం ఊరికే ఉండదు. ఎక్స్ఛేంజర్ దాన్ని బయటికి పంపేటప్పుడు ఒక్కో కాల్షియానికి మూడు సోడియంలు లోపలికి వస్తాయి కదా, దాంతో కణంలో చిన్న విద్యుత్ ప్రవాహం పుడుతుంది. అది కాస్త పెద్దదైతే వేళకాని వేళ ఒక అదనపు కొట్టు పడుతుంది. అవి వరసపెడితే ప్రాణం మీదికి వచ్చే వెంట్రిక్యులర్ టకీకార్డియా, అంటే గుండె కింది గదులు అదుపు తప్పి వేగంగా కొట్టుకోవడం. ఈఎఫ్ బాగా తగ్గినవాళ్లకి హఠాన్మరణ భయం ఉంటుందని, కొందరికి ఐసీడీ (లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే, ఒంట్లో అమర్చే పరికరం) పెట్టాలని అనేది ఇందుకే. సంచి తలుపులో పుట్టుకతోనే లోపం ఉండే పిల్లలు అరుదుగా ఉంటారు. వాళ్ల ఎకో పూర్తిగా నార్మల్, మామూలు ఈసీజీ నార్మల్. పరిగెత్తినప్పుడో, భయపడినప్పుడో స్పృహ తప్పి పడిపోతారు. ఆటల్లో పడిపోయిన పిల్లాణ్ణి ఫిట్స్ అని ఏళ్ల తరబడి ఆ మందులే వాడించి తీసుకొచ్చిన కుటుంబాలు నా దగ్గరికి వచ్చాయి. ట్రెడ్‌మిల్ మీద ఈసీజీ చూస్తే గాని అసలు సంగతి బయటపడలేదు.

కణం చచ్చిపోవడం దీని తరవాతి మెట్టు. అధిక కాల్షియాన్ని మైటోకాండ్రియాలు పీల్చుకుంటాయి. కొంతవరకు అది మంచిదే, ఏటీపీ తయారీ వేగం పెరుగుతుంది. మోతాదు మించితే వాటి లోపలి పొరలో ఒక రంధ్రం తెరుచుకుని ఇంధన తయారీ ఆగిపోతుంది. ఇంధనం లేక పంపులు ఇంకా నెమ్మదిస్తాయి, కాల్షియం ఇంకా పేరుకుంటుంది. మరోపక్క కాల్పెయిన్ అనే ఎంజైములు మేలుకుని కణం లోపలి ప్రొటీన్లను కోసేస్తాయి. పోయిన కణానికి బదులు కొత్తది పుట్టడం చాలా అరుదు. యువకుల్లో కూడా గుండె కండర కణాలు ఏడాదికి ఒక శాతం మాత్రమే కొత్తవి వస్తాయని 2009లో లెక్కగట్టారు, వయసుతో అదీ తగ్గుతుంది. అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14ని కణాల్లో కొలిచి తేల్చిన లెక్క అది.

గుండెపోటులో ఇదంతా ఏళ్ల మీద కాకుండా నిమిషాలు, గంటల్లో జరుగుతుంది. రక్తనాళం మూసుకోగానే ఆక్సిజన్ ఆగి ఏటీపీ పడిపోతుంది, కణంలో ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని బయటికి పంపే ప్రయత్నంలో సోడియం లోపలికి చేరుతుంది. సోడియం ఎక్కువైతే ఇందాకటి ఎక్స్ఛేంజర్ ఉల్టా తిరిగి కాల్షియాన్ని లోపలికి తేవడం మొదలుపెడుతుంది. ఆపైన స్టెంటుతోనో ఇంజెక్షన్‌తోనో నాళం తెరిస్తే ఆక్సిజన్ వస్తుంది, ఏటీపీ తయారవుతుంది, కానీ కణం నిండా కాల్షియం ఉండగానే. అప్పుడు కండరం విపరీతంగా ముడుచుకుని కొన్ని కణాలు చిరిగిపోతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే అడ్డంగా పట్టీలు పట్టీలుగా కనిపిస్తాయి. 1966లో నెదర్లాండ్స్ పరిశోధకులు ఎలుక గుండె మీద దీనికి దగ్గరి సంగతి ఒకటి చూపించారు: కొద్ది నిమిషాలు కాల్షియం లేని ద్రావణం పంపి, తరవాత మామూలు ద్రావణం ఇస్తే గుండె కోలుకోవాల్సింది పోయి నాశనమైంది. దీన్ని కాల్షియం పారడాక్స్ అంటారు.

ఇది చదివి "అయితే స్టెంట్ వేయిస్తే నష్టమా" అని దయచేసి అనుకోవద్దు. నాళం తెరవకపోతే పోయే కండరం ఎన్నో రెట్లు ఎక్కువ. గుండెపోటులో ఆలస్యమే అసలు శత్రువు. పాడేరు, అరకు వైపు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేసరికి గంటలు పడుతుంది; అలాంటప్పుడు దగ్గర్లోని ఆసుపత్రిలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని రావడమే మేలు. నాళం తెరిచిన వెంటనే తీసిన ఎకోలో పంపింగ్ తక్కువ కనిపించినా కంగారు పడక్కర్లేదు. బతికే ఉన్న కణాలు కూడా ఈ కాల్షియం దెబ్బకి రోజుల నుంచి వారాల పాటు మొద్దుబారి ఉంటాయి, తరవాత కొంత తేరుకుంటాయి.

మరి ఆ కాల్షియాన్ని నేరుగా సరిచేసే మందు లేదా? ప్రయత్నాలు చాలా జరిగాయి. మైటోకాండ్రియా రంధ్రాన్ని అడ్డుకుంటుందని సైక్లోస్పోరిన్‌ను గుండెపోటు రోగులకి ఇచ్చి చూస్తే 2015లో ఫలితం లేదని తేలింది. సెర్కా జన్యువును వైరస్‌లో పెట్టి గుండెకు పంపిన చికిత్స కూడా అదే ఏడాది పెద్ద పరీక్షలో నిలబడలేదు. అంతకన్నా పాత పాఠం 1991 నాటిది. మిల్రినోన్ కణంలో కాల్షియాన్ని పెంచి గుండె చేత గట్టిగా కొట్టిస్తుంది. దాన్ని మాత్రగా రోజూ ఇస్తే మరణాలు 28 శాతం పెరిగాయి. అలసిన గుండెను కాల్షియంతో తోలితే జరిగేది అదే. దానికి సరిగ్గా ఎదురు తోవ బీటా బ్లాకర్లది. అడ్రినలిన్ దెబ్బ తగ్గితే సంచి తలుపు కారడం తగ్గుతుంది, నెలల మీద పంపింగ్ పెరుగుతుంది. 1999లో వచ్చిన రెండు పెద్ద పరీక్షల్లో ఈ మందులు మరణాలను దాదాపు 34 శాతం తగ్గించాయి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. "పంపింగే తక్కువంటుంటే గుండె వేగం తగ్గించే మాత్ర ఎందుకిచ్చారు" అని కార్వెడిలాల్, మెటోప్రోలాల్, బిసోప్రోలాల్ లాంటి ఈ బీటా బ్లాకర్లను ఇంట్లోవాళ్లే ఆపేసిన సందర్భాలు నేను బాగా చూశాను. మొదటి వారాల్లో కాస్త నీరసంగా ఉంటుంది, అది నిజం. అది చూసి ఆపేస్తారు, కొన్నాళ్లకి ఒంటికి నీరు పట్టి అర్ధరాత్రి ఎమర్జెన్సీకి తెస్తారు. మీ అమ్మగారి చీటీలో ఈ మాత్ర ఉంటే హఠాత్తుగా ఆపొద్దు. నీరసం ఎక్కువైనా, నాడి 50 కంటే తగ్గినా, కళ్లు తిరిగినా డాక్టరుకు చెప్పండి.

ఇంకో గందరగోళం ఆమ్లోడిపిన్. కాల్షియం బ్లాకర్ అన్నారు కాబట్టి ఎముకల్లో కాల్షియం తగ్గిపోతుందేమో అని భయపడతారు. అలా ఏమీ కాదు, అది రక్తనాళాల గోడల్లోని చానళ్ల మీద పనిచేసి బీపీ తగ్గిస్తుంది. అదే వర్గంలోని వెరపమిల్, డిల్టియాజెమ్ మాత్రం గుండె కండరం మీదే పనిచేస్తాయి. ఈఎఫ్ 30 ఉన్నవాళ్లకి వాటిని ఇవ్వరు. ఇంట్లో పాత స్ట్రిప్పులు ఉంటే చూసి తీసేయండి.

గుండె రక్తనాళాల్లో సున్నంలా పేరుకునే కాల్షియం, సీటీలో "కాల్షియం స్కోర్" అని వచ్చేది, ఇది పూర్తిగా వేరే విషయం. దాన్ని దీనితో కలపొద్దు.

రక్తంలో కాల్షియమే తేడా వచ్చి గుండె దెబ్బతినేది అరుదు. కానీ దొరికితే బాగా నయమయ్యే రకం కాబట్టి చెప్పకుండా వదలను. అనకాపల్లి వైపు నుంచి ఒకావిడ ఆయాసంతో వచ్చారు, ఈఎఫ్ చాలా తక్కువ. మెడ మీద పాత కోత గుర్తు ఉంది, ఏళ్ల కిందట థైరాయిడ్ ఆపరేషన్ అయింది. రక్తంలో కాల్షియాన్ని అదుపులో ఉంచే పారాథైరాయిడ్ గ్రంథులు దాని పక్కనే ఉంటాయి, ఆపరేషన్‌లో అవి దెబ్బతినొచ్చు. వేళ్లు తిమ్మిర్లు, పిక్కలు పట్టేయడం చాలాకాలంగా ఉన్నాయి, ఎవరికీ చెప్పలేదు. అప్పట్లో ఇచ్చిన కాల్షియం మాత్రలు ఎప్పుడో మానేశారు. ఈసీజీలో క్యూటీ (ఒక్కో కొట్టుకోవడంలో విద్యుత్ పని మొదలై ముగిసేదాకా పట్టే సమయం) బాగా సాగి ఉంది, కాల్షియం 6 కూడా లేదు. కాల్షియం, విటమిన్ డి సరిచేస్తే నెలల్లో ఆవిడ గుండె దాదాపు మామూలుగా అయింది. అందుకే మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దని మొదట్లోనే అన్నాను. ఉద్దానం నుంచి విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వచ్చే కిడ్నీ రోగుల విషయంలోనూ అంతే: కాల్షియం, ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ హార్మోన్ మూడూ కలిసి చెడతాయి, వాళ్ల మాత్రల లెక్క కిడ్నీ డాక్టరే చూడాలి.

దీనికి ఉల్టా కేసులు ఈమధ్య ఎక్కువవుతున్నాయి. మోకాళ్ల నొప్పులకని విటమిన్ డి ఇంజెక్షన్లు వారంవారం వేయించుకుని, పైన మాత్రలూ మింగి, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతిమరుపుతో వస్తారు. కాల్షియం చూస్తే 13 దాటి ఉంటుంది, ఈసీజీలో క్యూటీ కుంచించుకుపోయి ఉంటుంది. 60,000 యూనిట్ల పొడి వారానికి ఒకటి చొప్పున రాసిచ్చినన్ని వారాలు వేసుకుని ఆపాలి. అది ప్రతి వారం జీవితాంతం వేసుకునేది కాదు.

డిగాక్సిన్ గురించి రెండు మాటలు. డిజిటాలిస్ మొక్క నుంచి వచ్చిన మందు ఇది, 1785లోనే విలియం విదరింగ్ దాని గురించి రాశారు. ఇది సోడియం పంపును అడ్డుకుని, దాని ద్వారా కణంలో కాల్షియాన్ని పెంచి పనిచేస్తుంది. మోతాదుకూ విషానికీ మధ్య ఎడం చాలా తక్కువ. ఒక పెద్దాయనకి విరేచనాలు పట్టుకుని పొటాషియం పడిపోయింది. డిగాక్సిన్, నీరు తీసే మాత్ర మాత్రం మానకుండా వేసుకున్నారు. వాంతులు, చూపు పసుపుగా కనిపించడం, నాడి అస్తవ్యస్తం. సమయానికి తెచ్చారు కాబట్టి బయటపడ్డారు. మీ అమ్మగారి చీటీలో డిగాక్సిన్ ఉంటే, వాంతులు విరేచనాలు పట్టుకున్న రోజున మందులు వేయాలో మానాలో ముందు ఫోన్ చేసి అడగండి.

ఇక తిండి. మన దేశంలో పెద్దవాళ్లకి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి, ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లకి 1200. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350, వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 ఉంటుంది. కప్పు జావ, రెండు గ్లాసుల పాలతో ఆవిడ గుండెకేమీ కాదు. జావలో ఉప్పు మాత్రం తగ్గించండి, ఒంటికి నీరు పట్టేది దానివల్ల. మాత్రల విషయంలో నా అభిప్రాయం ఇది: మోకాలి అరుగుదల నొప్పికి కాల్షియం మాత్రలు పనిచేయవు. ఎముకలు గుల్లబారినందుకో, థైరాయిడ్ ఆపరేషన్ తరవాతో ఇచ్చి ఉంటే కొనసాగించాలి. కేవలం నొప్పికే ఇచ్చి ఉంటే, తిండిలో సరిపడా ఉంటే, మానేయడానికి డాక్టరు ఒప్పుకుంటారు. మాత్రల వల్ల గుండెపోటు ముప్పు కొంచెం పెరుగుతుందా అన్న వాదన 2010 నుంచి నడుస్తోంది, ఇంకా తెగలేదు. తిండిలోని కాల్షియం మీద ఆ అనుమానం లేదు.

ఈసారి వెళ్లినప్పుడు కాల్షియంతో పాటు ఆల్బుమిన్, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్ చూడమని అడగండి. ఆల్బుమిన్ 4 కంటే తక్కువుంటే, తగ్గిన ప్రతి గ్రాముకి కాల్షియం రిపోర్టుకి 0.8 కలిపి చదవాలి. నీరు తీసే మాత్ర వాడేవాళ్లలో మెగ్నీషియం, పొటాషియం పడిపోవడం మామూలే, అవి పడిపోతే గుండె లయ ఇంకా చెడుతుంది. మందులు సరైన మోతాదుకి చేరి మూడు నెలలు గడిచాక ఎకో మళ్లీ తీయించండి, అంతకుముందు తీస్తే లేనిపోని టెన్షన్ తప్ప లాభం లేదు. ఆ రిపోర్టులు, మందుల చీటీ పేరు చెరిపేసి ఇక్కడ పెడితే, కాల్షియం మాత్ర సంగతి ఇంకాస్త కచ్చితంగా చెప్పగలను.